స్విఫ్ట్ మలుపుల్లో ఊగుతోందా? ముందు టైర్ల సంగతి చూడండి

చాలామంది నేరుగా బండి ఎత్తు తగ్గించే లోయరింగ్ స్ప్రింగ్‌ల మీద పడతారు, కానీ రోడ్డును పట్టుకునేది టైరే కాబట్టి మొదటి ఖర్చు దానిమీదే పెట్టండి. 185/65 ఆర్15 సైజు టైర్లు ఉన్న స్విఫ్ట్‌కి 195/60 ఆర్15 వేస్తే చుట్టుకొలత 1 శాతమే తగ్గుతుంది, స్పీడోమీటర్‌కి పెద్ద తేడా రాదు, పక్కగోడ పొట్టిదవడంతో స్టీరింగ్ తిప్పగానే బండి స్పందిస్తుంది. లోడ్ ఇండెక్స్ (టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే అంకె) మాత్రం పాతదానికంటే తగ్గకూడదు. కొనేటప్పుడు టైరు మీద నాలుగంకెల కోడ్ చూడండి: 2324 అంటే 2024లో 23వ వారంలో తయారైందని.

తర్వాత షాకులు, అంటే షాక్ అబ్జార్బర్లు. బానెట్ మూల గట్టిగా నొక్కి వదలండి, బండి ఒకసారి లేచి కుదురుకోవాలి, ఇంకా ఊగుతూనే ఉంటే షాకులు పోయినట్టే, సస్పెన్షన్‌లోని రబ్బరు బుష్‌లూ మెకానిక్‌కి చూపించండి. పాత షాకుల మీద కొత్త స్ప్రింగ్‌లు వేయడం దండగ.

ఇక ఎత్తు తగ్గించడానికి ఉన్న స్ప్రింగ్‌లు కోయించడం? వద్దే వద్దు! మన వీధుల్లో ఎవరికి తోచినట్టు వాళ్లు వేసిన స్పీడ్ బ్రేకర్లకి బండి అడుగు తగులుతుంది; మార్చాల్సిందేనంటే ఎత్తు 20, 25 మిల్లీమీటర్లు తగ్గించే రెడీమేడ్ సెట్ చాలు. ఏది మార్చినా వీల్ అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) చేయించాకే బండి బయటకు తీయండి.