డేటాబేస్‌లో టేబుల్ డ్రాప్ కొట్టే (అంటే టేబుల్‌ని మొత్తంగా తీసేసే) ముందు ఇవి చూసుకోండి

- ముందు ఏ సర్వర్‌లో ఉన్నారో చూడండి, టెస్ట్ విండో, ప్రొడక్షన్ (అసలు డేటా ఉండే) విండో పక్కపక్కనే తెరిచి ఉంటాయి కాబట్టి డేటాబేస్ పేరు క్వెరీ కొట్టి మరీ కన్ఫర్మ్ చేసుకోండి.
- బ్యాకప్ తీస్తే సరిపోదండి, వేరే చోట రీస్టోర్ చేసి వరుసల (రోల) కౌంట్ కలిసిందో లేదో చూడాలి. చాలామంది వదిలేసేది ఇదే.
- ఫారిన్ కీలు (వేరే టేబుళ్లతో లింకులు), వ్యూలు (సేవ్ చేసిపెట్టిన క్వెరీలు), ప్రొసీజర్లు (డేటాబేస్‌లోనే దాచిన ప్రోగ్రాములు), రాత్రిపూట నడిచే జాబులు.. ఏవేవి ఆ టేబుల్‌ని వాడుతున్నాయో వెతకండి. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఎర్రర్ వచ్చింది కదా అని కాస్కేడ్ (ఆధారపడినవాటినీ కలిపి తీసేయమనే మాట) తగిలించేయకండి, దాంతో ఆ వ్యూలూ పోతాయి, వేరే టేబుళ్ల మీదున్న ఫారిన్ కీ కన్‌స్ట్రెయింట్లూ పోతాయి.
- రోల్‌బ్యాక్ (చేసినదాన్ని వెనక్కి తీసుకోవడం) ఉందిలే అనుకోవద్దు. పోస్ట్‌గ్రెస్‌లో బిగిన్ పెట్టి డ్రాప్ చేస్తే కమిట్ (మార్పుని ఖాయం చేసే కమాండ్) కొట్టేదాకా వెనక్కి తీసుకోవచ్చు గానీ మైఎస్‌క్యూఎల్‌లో డ్రాప్ దానంతటదే కమిట్ అయిపోతుంది. ఒరాకిల్‌లో రీసైకిల్ బిన్ ఆన్‌లో ఉంటే ఫ్లాష్‌బ్యాక్‌తో తెచ్చుకోవచ్చు, డ్రాప్‌తో పాటు పర్జ్ (బిన్‌లో కూడా ఉంచకుండా తీసేయమని) అని రాశారా అదీ లేదు.
- నా మాట వింటే అసలు వెంటనే డ్రాప్ చేయకండి, పేరు మార్చి వదిలేయండి, నెలాఖరు రిపోర్టులు కూడా నడిచి ఎక్కడా ఏదీ ఆగలేదంటే అప్పుడు తీసేయండి. పోస్ట్‌గ్రెస్‌లో పేరు మార్చినా వ్యూలు పనిచేస్తూనే ఉంటాయి, కాబట్టి ఇలా ఆగిందా లేదా అని చూస్తే అవి బయటపడవు, వాటిని విడిగా చూసుకోవాలి.