గీత దగ్గర మీరు ఆగితే కుక్క వెనక్కి వచ్చేస్తోందా?

కుక్కల అజిలిటీ (హర్డిల్స్ లాంటి జంపులు, దూరిపోయే గొట్టం లాంటి టన్నెళ్లు వరసగా దాటించే పోటీ) ఆడించేవాళ్లందరికీ ఈ సమస్య తెలిసిందే. మీరు పక్కన పరిగెత్తుతుంటే కుక్క జంపులన్నీ చకచకా దాటేస్తుంది. దూరం నుంచి పంపాల్సి వచ్చేసరికి ఒక్క జంప్ చేసి, గిరుక్కున తిరిగి మీ మోకాళ్ల దగ్గర వాలుతుంది. లేదంటే మధ్యలో నిలబడి మీ మీద మొరుగుతుంది. అమెరికాలో ఏకేసీ (అమెరికన్ కెనెల్ క్లబ్) ఫాస్ట్ అనే పోటీలో కొత్తవాళ్ల స్థాయి నావిస్‌కి 5 అడుగులు, దాని పై స్థాయి ఓపెన్‌కి 10, ఆ పైన 15 అడుగుల దూరంలో గీసిన గీత వెనక నుంచే కుక్కని పంపాలి. మీరు గీత దాటారా, 20 పాయింట్ల బోనస్ గోవిందా. ఆ 5 అడుగుల దగ్గరే ఇరుక్కుపోయి "మా కుక్కకి ధైర్యం లేదండీ" అనేవాళ్లను చాలామందిని చూశాను.

ముందు మీ పాదాలు చూసుకోండి. ఎన్నిసార్లు చెప్పినా ఇదొక్కటే ఎవరూ చూసుకోరు. చెయ్యి బారెడు చాపి జంప్‌ని చూపిస్తారు, కాలి వేళ్లు మాత్రం మీరు వెళ్లబోయే దిక్కుకి తిరిగి ఉంటాయి. కుక్క మీ చేతి కంటే కాళ్లనీ భుజాలనీ నమ్ముతుంది. పక్కనున్న టన్నెల్లోకి దూరిపోతోందన్నా ముందు అనుమానించాల్సింది వీటినే.

తర్వాత బ్రేకు. గీత దాకా ఉరికి అక్కడ టక్కున ఆగితే "ఇటు తిరుగు" అని మీరే చెప్పినట్టు. గీతకి నాలుగడుగుల ముందే వేగం తగ్గించి, గీత పక్కనే నడుస్తూ ఉండండి. నెమ్మదిగానైనా సరే, కదలాలి.

ఈ రెండూ సరిగ్గా ఉండి కూడా వెనక్కి వస్తోందంటే, బహుమతిగా బంతి ఎప్పుడు విసురుతున్నారో చూడండి. నేను దెబ్బతిన్నది ఇక్కడే. బహుమతి చేతిలోంచి ఇవ్వకూడదని, ముందుకే విసరాలని నాకూ తెలుసు. విసురుతూనే ఉన్నాను. అయినా మా కుక్క కిట్టు (షెల్టీ జాతి) నెలల తరబడి ఒక్క జంప్ దాటి తిరిగి వచ్చేవాడు. చివరికి ఫోన్‌లో స్లో మోషన్‌లో వీడియో తీసి చూస్తే సంగతి తెలిసింది. వాడి వెనక కాళ్లు జంప్ అడ్డకర్ర (బార్) దాటాయి, నేల మీద దిగాడు, తల నా వైపు తిప్పాడు. బంతి ఇంకా నా చేతిలోనే ఉంది! వాడు చూశాకే విసిరాను. బంతి ముందుకే పడుతోంది, నిజమే. కానీ వాడికి వంటబట్టిన పాఠం "వెనక్కి చూస్తే బంతి వస్తుంది" అని. రోజుకి ఇరవై సార్లు నేనే నేర్పించాను.

దీనికి విరుగుడు, మూతలేని స్టీల్ గిన్నె. బార్ నేల మీద పెట్టి, జంప్‌కి అవతల నాలుగైదు అడుగుల్లో గిన్నె, అందులో చికెన్ ముక్క. కుక్క చూస్తుండగానే వెయ్యండి, టంగుమని వినబడాలి. మీరు జంప్‌కి రెండడుగుల ఇవతల నిలబడి పంపండి. కుక్క జంప్ దాటకుండా పక్కనుంచి వెళ్లి గిన్నె అందుకోబోతే తీసెయ్యడానికి అక్కడ ఇంకో మనిషి ఉండాలి, మీరు పరిగెత్తుకెళ్లి తియ్యకండి. తల తిప్పకుండా నేరుగా వెళ్తున్నప్పుడు గిన్నె ఖాళీగా పెట్టి, కుక్క జంప్ మీద గాల్లో ఉండగానే అవతలి మనిషి చేత ముక్క వేయించండి. ఆ తర్వాతే విసరడం మీ చేతికి రావాలి. అప్పుడు కూడా కుక్క గాల్లో ఉండగానే, వెళ్తున్న దారిలో ముందుకి పడేలా. దూరం ఒక్కో అడుగే పెంచండి. వరసగా రెండుసార్లు తప్పితే ఒక అడుగు తగ్గించండి. కిట్టుకి మొదటి వారమంతా రెండడుగుల దగ్గరే సరిపోయింది, నాకు విసుగొచ్చింది గానీ వాడికి రాలేదు.

మొరగడం చాలాసార్లు మీరు మాట ఆలస్యంగా అనడం వల్లే. ఒక జంప్ మీదికి లేవకముందే తర్వాతది చెప్పెయ్యండి. "గో గో గో" అని అరిచినంత మాత్రాన కొత్త సంగతేమీ చెప్పినట్టు కాదు. కంటిచూపు లోపం, కొత్త మైదానం, జనం గోల కూడా కారణం కావచ్చు గానీ, ముందు పైవి చూసుకోండి. నిన్నటిదాకా బాగా వెళ్లిన కుక్క ఇవాళ జంపే వద్దంటోందంటే మాత్రం శిక్షణ ఆపి డాక్టర్‌కి చూపించండి.