సెల్ఫ్ తిరుగుతోంది, బండి స్టార్ట్ కావట్లేదు: తప్పు ఫ్యూయల్ పంప్‌దేనా?

సెల్ఫ్ కొడితే ఇంజిన్ గిరగిరా తిరుగుతుంది, బ్యాటరీ బాగానే ఉంది, ట్యాంకులో పెట్రోల్ ఉంది, అయినా బండి అందుకోదు. పక్కన నిలబడ్డవాళ్లు ఎవరైనా "పంప్ పోయింది" అనేస్తారు. పోయి ఉండొచ్చు. కానీ పంప్‌కి కరెంటు అందకపోయినా ఇంజిన్ ఇలాగే మొరాయిస్తుంది.

నేను మొదటిసారి ఆ మాట నమ్మి కొత్త పంప్ కొన్నాను. వెనక సీటు లేపి, సగం రోజు కష్టపడి బిగించాను. బండి స్టార్ట్ కాలేదు. చివరికి కనెక్టర్ విప్పి వెలుతురులో పెట్టి చూస్తే, నాలుగు పిన్నుల్లో మూడు మెరుస్తున్నాయి, ఒకటి మాత్రం కాలి గోధుమరంగుకు తిరిగింది. దాని చుట్టూ ప్లాస్టిక్ మెత్తబడి పిన్ను లోపలికి జారిపోయింది. పాత పంప్‌కి ఏ రోగమూ లేదు. అందుకే పంప్ మార్చడం కంటే ముందు చేయాల్సిన పరీక్షల గురించే ఇక్కడ ఎక్కువ చెబుతున్నాను.

ఇదంతా ట్యాంకులో ఎలక్ట్రిక్ పంప్ ఉండే పెట్రోల్ ఇంజెక్షన్ కార్లకు. కార్బురేటర్ బండ్లు, డీజిల్ బండ్ల సంగతి వేరు.

ముందు చెవి పెట్టండి

సెల్ఫ్ కొట్టకుండా తాళం ఆన్ వరకే తిప్పండి. వెనక సీటు కింద నుంచి రెండు మూడు సెకన్లపాటు సన్నగా "జుయ్" అని వినిపించి ఆగాలి. లైనులో ప్రెషర్ నింపడానికి పంప్ తిరిగే చప్పుడది. కొన్ని కార్లలో తలుపు తీయగానే పంప్ తిరుగుతుంది కాబట్టి తాళం తిప్పినప్పుడు వినపడకపోవచ్చు, దానికి కంగారు పడొద్దు.

సమస్య: చప్పుడే లేదు

మొదట ఫ్యూజ్. కాలిపోయి ఉంటే అదే ఆంపియర్లది వేయండి. అదీ వెంటనే కాలితే ఎక్కడో షార్ట్ ఉన్నట్టు, అంతేగానీ పెద్ద ఫ్యూజ్ వేసి నడిపించకండి. తర్వాత రిలే, అంటే పంప్‌కి కరెంటు కలిపే చిన్న స్విచ్. ఫ్యూజ్ బాక్సులోనే హారన్‌కో మరోదానికో అదే నంబరున్న రిలే చాలాసార్లు దొరుకుతుంది, రెండూ అటూ ఇటూ మార్చి చూడండి. పంప్ పలికితే మీ పని ఐదు నిమిషాల్లో అయిపోయింది. కొన్ని బండ్లలో గుద్దుకున్నప్పుడు పెట్రోల్ ఆపేసే స్విచ్ ఉంటుంది. పెద్ద గుంటలో పడ్డ కుదుపుకి కూడా అది పడిపోతుంది, నొక్కితే మళ్లీ పనిచేస్తుంది.

ఇవన్నీ బాగుంటే పంప్ కనెక్టర్ దగ్గరికి వెళ్లాలి. అక్కడ పెట్రోల్ వాసన వస్తుంటే మాత్రం కరెంటు పరీక్షలు చేయొద్దు, ముందు లీకు సంగతి చూడాలి. వాసన లేకపోతే మల్టీమీటర్ తీయండి, కానీ ఇక్కడే చాలామంది మోసపోతారు. కనెక్టర్ ఊడదీసి కొలిస్తే, వైరులో ఒక్క పోగు మిగిలినా 12 వోల్టులు చూపిస్తుంది. పంప్ లాగే కరెంటును ఆ పోగు మోయలేదు. కాబట్టి కనెక్టర్ తగిలించే ఉంచి, వెనక వైపు నుంచి ప్రోబ్ ఆనించి, తాళం ఆన్ చేసిన ఆ రెండు సెకన్లలోనే కొలవాలి. రీడింగ్ బ్యాటరీ కంటే ఒక వోల్టుకి మించి తగ్గితే లోపం వైరులోనో, పిన్నులోనో, ఎర్త్‌లోనో ఉంది. పంప్ వేగాన్ని వేరే కంట్రోలర్ మార్చే కార్లలో ఈ లెక్క పనికిరాదు, అక్కడ సర్వీస్ మాన్యువల్ చూడాల్సిందే.

వోల్టేజ్ నిండుగా ఉండి, ఎర్త్ బాగుండి, పంప్ మాత్రం మూగగా ఉంటే అది పోయినట్టే. ఎవరినైనా సెల్ఫ్ కొట్టమని, ట్యాంకు అడుగున రబ్బరు సుత్తితో మెల్లగా తట్టి చూడండి. బండి అందుకుంటే మోటారులో బ్రష్‌లు అరిగాయని అర్థం. ఆ చిట్కా ఇంటికి చేరడానికే, దాన్ని నమ్ముకుని ఊరెళ్లొద్దు.

సమస్య: చప్పుడు ఉంది, పికప్ లేదు

ఎత్తు ఎక్కేటప్పుడు, ఓవర్‌టేక్ చేసేటప్పుడు బండి గుంజుతూ జర్కులిస్తుంటే పెట్రోల్ చాలట్లేదేమో చూడాలి. పంప్ అరగడమో, ఫిల్టర్ గానీ, పంప్ అడుగున ఉండే జాలీ గానీ పూడుకుపోవడమో అయ్యుండొచ్చు. ప్రెషర్ గేజ్ పెడితే తెలిసిపోతుంది. మామూలు ఇంజెక్షన్ బండ్లలో చాలావాటికి 3 నుంచి 4 బార్ ఉంటుంది, మీ బండికి ఎంతో మాన్యువల్‌లో చూసుకోండి. ప్రెషర్ సరిగా ఉంటే స్పార్క్, సెన్సర్లు, ఇంజెక్టర్ల వైపు వెళ్లండి. డైరెక్ట్ ఇంజెక్షన్ (పెట్రోల్‌ను నేరుగా సిలిండర్లోకే కొట్టే) ఇంజిన్ అయితే ఇంజిన్ మీదుండే రెండో పంప్ జోలికి మీరు వెళ్లొద్దు. ఆ వైపు ప్రెషర్ వందల బార్లలో ఉంటుంది, సన్నటి ధార కూడా చర్మంలోకి దిగిపోతుంది.

సమస్య: పొద్దున్నే చాలాసేపు సెల్ఫ్ కొట్టాలి

తాళం రెండు మూడుసార్లు ఆన్ ఆఫ్ చేసి అప్పుడు కొట్టి చూడండి. వెంటనే అందుకుంటే రాత్రంతా లైనులో ప్రెషర్ దిగిపోతోందన్నమాట. పంప్‌లో పెట్రోల్ వెనక్కి పోకుండా ఆపే చెక్ వాల్వ్, ప్రెషర్‌ను అదుపులో ఉంచే రెగ్యులేటర్, కారుతున్న ఇంజెక్టర్, ఈ మూడింట్లో ఒకటి.

వేడెక్కాక ఆగిపోయి, చల్లారాక స్టార్ట్ అయ్యే బండిలోనూ పంప్‌ను అనుమానించొచ్చు. కానీ ఇంజిన్ తిరుగుడును కంప్యూటర్‌కి చెప్పే క్రాంక్ సెన్సర్ పోయినా అచ్చం ఇలాగే చేస్తుంది. ఆగిన వెంటనే తాళం మళ్లీ ఆన్ చేసి పంప్ చప్పుడు ఉందో లేదో వినండి.

మార్చాల్సిందే అని తేలాక

ట్యాంకులో పావు వంతు కంటే తక్కువ పెట్రోల్ ఉన్నప్పుడు, ఆరుబయట చేయండి. పైలట్ మంట, గ్రైండర్, సిగరెట్ దరిదాపుల్లో ఉండకూడదు. పెట్రోల్ మంటలకు పనికొచ్చే ఎక్స్‌టింగ్విషర్ చేతికి అందేచోట పెట్టుకోండి.

పంప్ ఫ్యూజ్ తీసి ఇంజిన్ ఆగేదాకా నడిపితే ప్రెషర్ దిగుతుంది. బండి స్టార్టే కాకపోతే పైపు జాయింటుకి గుడ్డ చుట్టి నెమ్మదిగా విప్పడమే దారి. ఏ దారైనా సరే, పైపు విప్పే ముందు బ్యాటరీ నెగటివ్ తీసేయండి.

సీటు కింది మూత తీయగానే పంప్ చుట్టూ దుమ్ము మేట వేసి ఉంటుంది. పంప్‌ను ట్యాంకుకి బిగించి పట్టే రింగు విప్పకముందే బ్రష్‌తో, వాక్యూమ్‌తో శుభ్రం చేయండి, లేకపోతే అదంతా ట్యాంకులోకే పోతుంది. ట్యాంకు నోరు తెరిచాక మాత్రం వాక్యూమ్ దగ్గరికి తేకూడదు, దాని మోటారు నిప్పురవ్వ చాలు. మీ బండికి మూతే లేకపోతే ట్యాంకు కిందికి దించాలి. లిఫ్ట్ లేకుండా ఆ పని ఇంట్లో చేయమని నేను చెప్పను.

రింగును ఇనుప ఉలితో కొట్టకండి. చెక్కముక్క ఆనించి మెల్లగా తట్టినా, స్ట్రాప్ రెంచ్ పెట్టినా తిరుగుతుంది. పాత మాడ్యూల్ (పంప్, ఫ్లోట్ అన్నీ కలిసిన డబ్బా) ఏ దిక్కున ఉందో గీత పెట్టుకోండి. బయటికి తీసేటప్పుడు, పెట్రోల్ మట్టం చూపే ఫ్లోట్ చువ్వ వంగకుండా మాడ్యూల్‌ను పక్కకి వాల్చి తీయాలి. మాడ్యూల్ తొట్టిలో ఇంకా పెట్రోల్ ఉంటుంది, సీటు మీద ఒలకబోసుకోకండి.

రింగు కింద ఉండే రబ్బరు సీల్ కొత్తదే వేయాలి. పెట్రోల్ తాగి ఉబ్బిన పాతది గాడిలో కూర్చోదు. పూర్తి మాడ్యూల్ కాకుండా మోటారు ఒక్కటే మారిస్తే లోపలి పైపు పెట్రోల్‌లో మునిగి ఉండడానికి తయారైనదే కావాలి. మామూలు ఫ్యూయల్ పైపు బయటి నుంచి నాని పాడవుతుంది. జాలీ కూడా అప్పుడే మార్చేయండి.

బిగించాక బ్యాటరీ తగిలించి, తాళం మూడు నాలుగుసార్లు ఆన్ చేసి, తడి ఏమైనా ఉందేమో చూసి అప్పుడు స్టార్ట్ చేయండి. సీటు ఇంకా పూర్తిగా బిగించొద్దు. రింగు దగ్గర లీకు ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడు కనపడదు. ఫుల్ ట్యాంక్ కొట్టించి వచ్చాక సీటు మళ్లీ లేపి, సీల్ చుట్టూ వేలితో రాసి చూడండి. వేలికి తడి, వాసన తగలకపోతే బోల్టులు బిగించేయొచ్చు.