ఫోర్ వీల్ డ్రైవ్ బండి జేబుకు చిల్లు పెడుతోందా? లక్షణాన్ని బట్టి కారణం, రిపేరు

ఇంటిల్లిపాదీ సామానుతో సహా ఎక్కి, బురదలోనూ గుంతల్లోనూ దిగబడకుండా పోవచ్చు. ఈ బండి కొనేది అందుకే. ఆ సుఖానికి బదులుగా మామూలు కారులో లేని సరంజామా కింద వేలాడుతుంది: ట్రాన్స్‌ఫర్ కేస్ (ఇంజను బలాన్ని ముందు, వెనక చక్రాలకు పంచే పెట్టె), రెండో డిఫరెన్షియల్ (చక్రాలు వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే గేర్ల పెట్టె), ఇంకో ప్రొపెల్లర్ షాఫ్ట్ (ఆ బలాన్ని చేరవేసే పొడవాటి కడ్డీ). ఆయిలు మార్చాల్సిన చోట్లు, అరిగే జాయింట్లు అన్నీ పెరుగుతాయి. అయినా పెద్ద బిల్లులు ఎక్కువగా వచ్చేది రెండు తప్పుల వల్లే. ఫోర్ వీల్ వేయకూడని చోట వేయడం ఒకటి, నెలల తరబడి అసలు వేయకపోవడం ఇంకొకటి.

మైలేజీ పడిపోయింది

ముందు నిజంగా పడిపోయిందో లేదో తేల్చుకోండి. ట్యాంకు నిండుగా కొట్టించి, మళ్లీ నిండుగా కొట్టించేదాకా లెక్క వేయండి. ఇలా మూడుసార్లు చేసి సగటు తీయండి. టైర్ల సైజు మార్చి ఉంటే ఆ లెక్కా తప్పే. 235/75 ఆర్15 టైరు వ్యాసం సుమారు 733 మి.మీ., 265/75 ఆర్15 టైరుది 778 మి.మీ. పెద్ద టైరు ఒక చుట్టుకు ఎక్కువ దూరం పోతుంది, మీటరుకు ఆ సంగతి తెలియదు. మీరు 100 కిలోమీటర్లు పోతే అది 94 చూపిస్తుంది. లీటరుకు 12 ఇచ్చే బండి కాగితం మీద 11.3 ఇస్తుంది. ఇంజను మీద నింద వేసే ముందు ఈ తేడా తీసేయండి.

నిజంగానే తగ్గితే వరసగా చూడాల్సినవి: ఇసుకలో పోవడానికి తీసిన గాలి మళ్లీ నింపారా, పైన ఖాళీ క్యారియర్ ఊరికే గాలికి ఎదురు నిలబడి ఉందా, ముందు చక్రాల లాకింగ్ హబ్‌లు (చక్రాన్ని దాని షాఫ్టుకు కలిపే మూతలు) లాక్‌లోనే మరిచిపోయారా. ఇవేవీ కాకపోతే బ్రేకు పట్టేస్తోందేమో చూడండి. గట్టిగా బ్రేకు వేయకుండా పది కిలోమీటర్లు నడిపి ఆపి, ఒక్కో చక్రం దగ్గర చెయ్యి పెట్టి చూడండి (రిమ్మును తాకొద్దు). ఒకటి మాత్రం సెగలు కక్కుతుంటే దొంగ అక్కడే ఉన్నాడు. చాలాసార్లు కాలిపర్ (బ్రేకు ప్యాడ్లను నొక్కే భాగం) పిన్నుల్లో బురద ఎండి గట్టిపడి ఉంటుంది. పిన్నులు ఊడదీసి తుడిచి, బ్రేకులకని అమ్మే గ్రీజు రాయాలి. మామూలు గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బి మళ్లీ పట్టేస్తుంది.

మలుపులో స్టీరింగ్ బిగుసుకుంటోంది, లివర్ 2హెచ్‌లోకి రావట్లేదు

పొడి తారు రోడ్డు మీద 4హెచ్‌లో (నాలుగు చక్రాలకూ బలం పోయే స్థానం, 2హెచ్ అంటే రెండింటికే) నడిపారు, అంతే. మలుపులో ముందు చక్రాలు వెనక వాటికంటే ఎక్కువ దూరం తిరగాలి. పార్ట్ టైమ్ రకంలో (అవసరమైనప్పుడే ఫోర్ వీల్ వేసేది) మధ్యన డిఫరెన్షియల్ ఉండదు కాబట్టి రెండు షాఫ్టులూ ఒకే వేగంతో తిరగక తప్పదు. మట్టి మీదైతే టైరు కాస్త జారి ఆ తేడా సర్దేసుకుంటుంది. తారు మీద జారదు. ఆ ఒత్తిడంతా షాఫ్టుల్లో, గేర్లలో మెలిపడి ఉండిపోతుంది, లివర్ పట్టేసేది అందుకే.

లివర్‌ను బలవంతంగా గుంజొద్దు. స్టీరింగ్ నిటారుగా పెట్టి ఐదారు మీటర్లు వెనక్కి నడపండి, 'టక్' మని మెలి వదులుతుంది. అప్పుడు లివర్ వెన్నలా కదులుతుంది. వదలకపోతే తడిమట్టి మీదికి తీసుకెళ్లి అదే పని చేయండి. ఫుల్ టైమ్ రకంలో (ఎప్పుడూ నాలుగు చక్రాలూ లాగేది) ఇలా జరిగితే టైర్లు చూడండి. మూడు అరిగినవి, ఒకటి కొత్తది అయితే వ్యాసాల తేడా వల్ల మధ్య డిఫరెన్షియల్ ఆగకుండా పని చేసి అరిగిపోతుంది. ఈ బండికి టైర్లంటే నాలుగూ ఒకేసారి అనే లెక్క వేసుకోవాలి.

4హెచ్ వేస్తే లైటు మిణుకుతూనే ఉంది

లోపల ముందు షాఫ్టును కలిపే కాలర్ (పళ్లున్న రింగు) పళ్లు సరిగ్గా ఎదురు పడకపోతే అలాగే మిణుకుతుంది. యాక్సిలరేటర్ వదిలి నెమ్మదిగా నిటారుగా పోనివ్వండి, ఆగకపోతే రెండడుగులు వెనక్కి వేయండి. అప్పటికీ ఆరకుంటే పట్టేసిన యాక్చుయేటర్ (కాలర్‌ను జరిపే పరికరం), చిట్లిన వాక్యూమ్ గొట్టం, బురద పట్టిన ప్లగ్గు ఈ మూడింటిలో ఒకటి. గొట్టం చివరలే ముందు చిట్లుతాయి, అక్కడ చూడండి. నెలకోసారి మట్టిదారిలో మూడు నాలుగు కిలోమీటర్లు 4హెచ్‌లో, ఒక వంద మీటర్లు 4ఎల్‌లో (తక్కువ వేగం, ఎక్కువ బలం) నడిపితే ఈ బాధ చాలావరకు రాదు.

గేరు వేయగానే కింద 'టక్'

ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాస్ (జాయింటు మధ్యలోని ప్లస్ గుర్తు లాంటి ముక్క) అరిగింది, లేదా గ్రీజు ఎండిపోయింది. చదునైన చోట చక్రాలకు అడ్డు రాళ్లు పెట్టి, న్యూట్రల్‌లో ఉంచి, జాయింటుకు అటూ ఇటూ పట్టుకుని ఎదురెదురుగా తిప్పండి. ఆట (వదులు) తెలిస్తే క్రాస్ మార్చాల్సిందే. ఆట లేకపోతే నిపిల్‌లో గ్రీజు ఎక్కించండి. నాలుగు కప్పుల నుంచీ పాత గ్రీజు బయటికి రావాలి, మూడింటి నుంచే వస్తే నాలుగోది మూసుకుపోయినట్టు. షాఫ్టు జారే భాగానికి మాత్రం రెండు మూడు పంపులు చాలు, ఎక్కువ కొడితే జారాల్సిన చోటు గ్రీజుతో నిండి బిగుసుకుంటుంది.

నీళ్లలో దిగి వచ్చాక డిఫరెన్షియల్ ఊళ పెడుతోంది

కారణం లోతు ఒక్కటే కాదు, వేడి కూడా. కాగి ఉన్న డిఫరెన్షియల్ చల్లటి నీళ్లలో మునగ్గానే లోపలి గాలి ముడుచుకుంటుంది. బ్రీదర్ (లోపలి గాలి వచ్చిపోయే చిన్న దారి) మూసుకుపోయి ఉంటే ఆ లోటు భర్తీకి ఆయిల్ సీళ్ల అంచుల నుంచి నీళ్లు లోపలికి పీల్చుకుంటుంది.

ముందు పైనున్న నింపే ప్లగ్గు విప్పండి. కిందిది ముందు విప్పి ఆయిలంతా పారబోశాక పైది రాకపోతే బండి అక్కడే ఆగిపోతుంది. వచ్చిన ఆయిలు పాలు పోసిన టీ రంగులో ఉంటే నీళ్లు కలిసినట్టే. బండి చదునుగా ఉంచి, కొత్త ఆయిలు నింపే రంధ్రం కింది అంచు దాకా పోయండి. యాభై కిలోమీటర్లు నడిపి మళ్లీ చూడండి, ఇంకా తెల్లబారితే ఇంకోసారి మార్చాలి. రెండుసార్ల ఆయిలు ఖర్చు బేరింగుల ఖర్చు ముందు లెక్కలోకి రాదు. బ్రీదరుకు పొడవాటి గొట్టం వేసి ఇంజను గదిలో పైకి కడితే చాలా తలనొప్పి తప్పుతుంది. ఎత్తుగా కట్టండి, వంగి మూసుకుపోకుండా చూడండి.

డీపీఎఫ్ లైటు వెలిగింది

డీజిల్ బండిని రోజూ మూడు నాలుగు కిలోమీటర్లు మాత్రమే తిప్పితే డీపీఎఫ్ అనే పొగ ఫిల్టర్‌లో చేరిన మసి కాలే వేడి రాదు. హైవే మీద ఇరవై, ముప్పై నిమిషాలు ఇంజను 2,000 ఆర్‌పీఎం పైన తిరిగేలా నడపండి. కాల్చే పని మధ్యలో పదే పదే ఆగితే డీజిల్ వెళ్లి ఇంజను ఆయిలులో కలుస్తుంది. డిప్‌స్టిక్ మీద ఆయిలు మట్టం పెరిగితే సంతోషించకండి, వెంటనే మార్చండి.

గుంత మీద పడగానే స్టీరింగ్ గజగజ ఊగుతోంది

ముందు గట్టి ఆక్సిల్ (రెండు చక్రాలనూ కలిపే ఒకే ఇరుసు) ఉన్న బండ్లలో ఇది కనిపిస్తుంది. చాలామంది స్టీరింగ్ డ్యాంపర్ (ఊపును అణచే భాగం) మార్చేస్తారు. అది రోగాన్ని దాస్తుందే తప్ప కుదర్చదు. టైర్ల గాలి, బ్యాలెన్స్ సరిచూశాక, ఒకరు స్టీరింగ్‌ను అటూ ఇటూ కొద్దిగా కదుపుతుంటే ఇంకొకరు కింది నుంచి ప్యానార్డ్ రాడ్ (ఆక్సిల్ పక్కలకు జరగకుండా పట్టే కడ్డీ) చివరల బుష్‌లను చూడాలి. చక్రాలు నేల మీదే ఉండాలి, హ్యాండ్‌బ్రేకు వేసి ఉండాలి. రాడ్ చివర బోల్టు రంధ్రంలో ఆడుతుంటే బుష్ మార్చి, బోల్టు టార్కు (బిగింపు బలం) ప్రకారం బిగించండి.

ఏ లోపమూ లేదు, ఖర్చు మాత్రం తగ్గట్లేదు

ఏడాదిలో ఫోర్ వీల్ ఎన్నిసార్లు నిజంగా అవసరమైందో రాసి చూడండి. ఒకటో రెండో సార్లు అయితే బురద టైర్లు తీసేసి హైవే రకం వేయండి. మోతా తగ్గుతుంది, మైలేజీ కొంత తిరిగొస్తుంది. క్యారియర్ విప్పి పక్కన పెట్టండి. ఒక్కసారీ లేకపోతే, అదే ఎత్తున్న టూ వీల్ డ్రైవ్ రకానికి మారడమే చౌక.