సరుకులకు పురుగు పడుతోందా? కనిపించిన డబ్బా కాదు, పుట్టిన పొట్లం వెతకండి

కొత్తగా వంట మొదలుపెట్టినవాళ్లు కూర ఎలా వండాలని అడగడం తక్కువ, సరుకుల గురించి అడగడమే ఎక్కువ. రవ్వకు పురుగు పట్టింది, ఉప్పు నీరు కారుతోంది, పప్పు ఎంతకీ ఉడకడం లేదు. కాకినాడలో ఉద్యోగానికి గది తీసుకున్న కుర్రాళ్లైనా, భీమవరంలో కొత్త కాపురం పెట్టిన అమ్మాయిలైనా అడిగేవి ఇవే. గోదావరి డెల్టాలో ఏడాదిలో చాలా నెలలు గాలిలో చెమ్మ ఉంటుంది. జూన్‌లో వానలు మొదలైతే నవంబరు తుపాన్ల దాకా సరుకు పొడిగా నిలబడటం కష్టం. కాబట్టి వేరే ఊళ్లవాళ్లు చెప్పే నిలవ లెక్కలు ఇక్కడ కుదరవు.

ముందు ఇవి చూడండి

ఎవరికి చెప్పినా ఈ మెట్టు దాటేసి నేరుగా చిట్కాల మీద పడతారు. దయచేసి దాటొద్దు.

ఎంత కొన్నారు? అమ్మ రాసిచ్చిన చీటీ ఇంటిల్లిపాదికీ సరిపోయే చీటీ. ఒక్కరికి పూటకు 100 గ్రాముల బియ్యం అనుకుంటే రెండు పూటలకూ కలిపి నెలకు 6 కిలోలు చాలు. కందిపప్పు కిలో, మినప్పప్పు అరకిలో, బొంబాయి రవ్వ అరకిలో, కారం పావుకిలో, చింతపండు పావుకిలో, నూనె లీటరు. ఆవాలు, జీలకర్ర, పసుపు తలో 100 గ్రాములు. మెంతులు, ఇంగువ ఇంకా తక్కువ. మొదటి నెలకు ఇంతకు మించి కొనకండి. శనగపిండి, మైదా, సేమ్యా, ఓట్స్ లాంటివి ఆ వారం వండేటట్టయితేనే తెచ్చుకోండి. పాడయ్యే సరుకులో ఎక్కువ భాగం ఎప్పుడో ఒకసారి పనికొస్తుందని తెచ్చిపెట్టుకున్నదే.

పాకెట్ మీద ప్యాక్ చేసిన తేదీ చూశారా? డబ్బాలో పోసేముందు గుప్పెడు పళ్లెంలో వేసి చూశారా, వాసన చూశారా? ముక్కిన వాసన వస్తే అప్పుడే తిరిగి ఇచ్చేయొచ్చు. డబ్బాలో కలిపేశాక కొట్టువాడు తీసుకోడు.

ఉప్పు నీరవుతోంది, కారం గడ్డ కడుతోంది, బెల్లం కారుతోంది

మూడింటికీ కారణం చెమ్మే, కానీ అది వచ్చే దారి వేరు. ఉప్పు గాలిలోంచి తీసుకుంటుంది. స్టీలు డబ్బాలో పెడితే డబ్బా కూడా పాడవుతుంది. మూత ఉన్న చిన్న జాడీలోకో, గాజు సీసాలోకో మార్చండి. కారానికి చెమ్మ గిన్నె ఆవిరిలోంచి వస్తుంది. ఉడుకుతున్న కూర మీద సీసా వంచి వేస్తారు, ఆవిరి సీసాలోకి పోతుంది. పొడి చెంచాతో పక్కన పళ్లెంలోకి తీసుకుని వేయండి. పొయ్యికి సరిగ్గా పైన ఉన్న గూట్లో పొడులేవీ పెట్టొద్దు. బెల్లం వానాకాలంలో పావుకిలో మించి తేవద్దు. తెచ్చింది గాలి చొరని డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టండి.

పప్పు ఉడకడం లేదు

అందరూ కుక్కర్‌ను అనుమానిస్తారు, రబ్బరు మారుస్తారు. ముందు నీళ్లను అనుమానించండి.

ఎండాకాలంలో కాలవలు కట్టేశాక చాలా ఇళ్లు బోరు నీళ్ల మీద పడతాయి. సముద్రానికి దగ్గరగా, నరసాపురం, రాజోలు, అంతర్వేది వైపు, బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి. అలాంటి నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువైతే పప్పు గింజ మెత్తబడదు. ఎన్ని విజిల్స్ వచ్చినా పలుకుగానే ఉంటుంది.

తేల్చుకోవడం తేలిక. ఒకే పప్పు రెండు చిన్న గిన్నెల్లో తీసుకుని, ఒకదాంట్లో తాగే నీళ్లు, రెండోదాంట్లో బోరు నీళ్లు పోసి ఒకే కుక్కర్లో పెట్టండి. తాగే నీళ్ల గిన్నె ఒక్కటే ఉడికితే తప్పు నీళ్లదే. ఇకమీదట పప్పుకు తాగే నీళ్లే వాడండి. రెండూ ఉడక్కపోతే పప్పు పాతది. వేడిలో, చెమ్మలో చాన్నాళ్లు నిలవున్న పప్పు గట్టిపడి ఎంత ఉడికించినా మెత్తబడదు. దాన్ని పారేయకండి, వేయించి ఎండుమిర్చి, జీలకర్ర వేసి కందిపొడి కొట్టుకోండి. ఇంకొక మాట. పప్పు ఉడికాకే చింతపండు పులుసు, టమాటా వేయాలి. ముందే వేస్తే పులుపు పప్పును ఉడకనివ్వదు.

అన్నం ముద్దవుతోంది

బియ్యం కొత్తవి. సార్వా, అంటే వానాకాలం వరి, కోతలు నవంబరు, డిసెంబరుల్లో అవుతాయి, సంక్రాంతికి ఊరెళ్లినవాళ్లు ఆ బియ్యమే బస్తాలో వేసుకొస్తారు. స్వర్ణ అయినా ఇంకోటైనా కొత్తలో ముద్దగానే ఉంటుంది. (ఈ స్వర్ణ మన మార్టేరు పరిశోధనా కేంద్రం 1982లో ఇచ్చిన వంగడమే.) నీళ్లు అరగ్లాసు తగ్గించండి. బియ్యం పాతబడేకొద్దీ మళ్లీ పెంచుకోవచ్చు.

పురుగు పడుతోంది, పారేసి కొత్తది తెచ్చినా మళ్లీ పడుతోంది

అందరినీ ఏడిపించేది ఇదే.

మా చెల్లెలి కూతురు భీమవరంలో కాపురం పెట్టిన కొత్తలో తరచూ ఫోన్ చేసేది. "పెద్దమ్మా, ఆ కొట్టువాడు పాత సరుకు అంటగడుతున్నాడు. రవ్వ నిండా పురుగే" అని. కొట్టు మార్చింది, డబ్బాలు మార్చింది, లవంగాలు వేసింది, వేపాకు వేసింది. పది రోజులు బాగుంటుంది, మళ్లీ రవ్వ ఉండలు కట్టి, సన్నటి దారాలు కనిపిస్తాయి. చివరికి వెళ్లి చూస్తే వంటింట్లో తప్పు లేదు. పక్కనే పూజ గూట్లో, శ్రావణమాసంలో కలశం కింద పెట్టిన బియ్యం జాకెట్టు గుడ్డలో మూటగట్టి అలాగే ఉన్నాయి. దసరా దాటింది. మూట విప్పితే లోపలంతా గూడు. పురుగు అక్కడ పుట్టి, రెక్కలొచ్చి, వంటింట్లో రవ్వ డబ్బా మూత సందులోంచి దూరుతోంది.

ఇది నేను చాలా ఇళ్లలో చూశాను, చోటు మారుతుంది అంతే. మనం పురుగు కనిపించిన డబ్బా మీదే పగబడతాం. దాన్ని పారేస్తాం, కడుగుతాం. పురుగు పుట్టిన చోటు మాత్రం ఎవరూ ముట్టుకోకుండా ఉండిపోతుంది.

పురుగు ఎలా పెరుగుతుందో తెలిస్తే వెతకడం తేలిక. బియ్యంలో కనిపించే నల్లటి ముక్కు పురుగులో ఆడది గింజకు చిన్న రంధ్రం చేసి, లోపల గుడ్డు పెట్టి, రంధ్రాన్ని మూసేస్తుంది. పిల్ల పురుగు గింజ లోపలే తింటూ పెరిగి, వెచ్చటి రోజుల్లో దాదాపు నెలకు బయటికొస్తుంది. అంటే ఈరోజు మీరు జల్లించి, చెరిగి, శుభ్రంగా ఉన్నాయనుకున్న బియ్యంలో కూడా గుడ్లు ఉండొచ్చు. పెసలు, అలసందలు పుచ్చడం వేరే పురుగు పని. అది గింజ పైన గుడ్డు పెడుతుంది కాబట్టి తెల్ల చుక్కల్లా కంటికి కనిపిస్తుంది, కొనేటప్పుడే పట్టుకోవచ్చు. రవ్వ, పిండి ఉండలు కట్టి దారాలు కనిపిస్తే అది రెక్కల పురుగు పని. అన్నిటికంటే దూరం పోయేది అదే, దాని పుట్టుక ఇంట్లో ఎక్కడైనా ఉండొచ్చు.

వెతకాల్సిన చోట్లు చెబుతాను. రబ్బరు బ్యాండు వేసి గూడు వెనక్కి తోసిన సగం పాకెట్లు: సేమ్యా, గోధుమపిండి, అటుకులు. పండక్కి తెచ్చి మిగిలిన జీడిపప్పు, పల్లీలు, ఎండు కొబ్బరి. ధనియాలు, ఎండుమిర్చి, పసుపు కొమ్ముల సంచి. కారంగా ఉంటాయి, వీటికేం పడుతుందిలే అనుకుంటారు కానీ, వీటినే తినే చిన్న గోధుమరంగు పురుగు ఉంది. పూజ గూట్లో అక్షింతల గిన్నె, కలశం బియ్యం, ఒడిబియ్యం మూట. పిచ్చుకల కోసం వీధరుగు చూరుకు వేలాడదీసిన వరికంకుల కుచ్చు. ఊరి నుంచి వచ్చి మంచం కిందకు చేరిన బియ్యం బస్తా. డబ్బాల కింద పరిచిన న్యూస్‌పేపరు, దాని కింద రాలిన నూక. ఇక ఎవరూ చూడనిది డబ్బా మూత లోపలి అంచు. స్టీలు మూత మడత సందులో పిండి పేరుకుని ఉంటుంది. గోరు పెట్టి గీకి చూడండి.

పాతదాని మీద కొత్తది పోయడం కూడా ఈ కోవలోదే. డబ్బా అడుగున గుప్పెడు మిగిలిందని దాని మీదే కొత్త పాకెట్ కత్తిరించి పోస్తారు. అడుగున ఉన్నది ఎప్పటిదో ఎవరికీ తెలియదు, నెలల తరబడి అది అక్కడే ఉంటుంది. పాతది వేరే గిన్నెలోకి తీసి, అది అయ్యాకే కొత్తది విప్పండి.

ఏం చేయాలంటే, ఒక సెలవు రోజు పెట్టుకోండి. తినే వస్తువు ప్రతిదీ, పూజ గూటిదీ వరండాదీ కూడా, బయటికి తీసి ఒకచోట పెట్టండి. దారాలు, అడుగున నుసి, పాకెట్‌కు సూది మొనంత చిల్లులు ఎక్కడ ఎక్కువగా ఉన్నాయో చూడండి. ఎక్కువ పాడైనది పుట్టిన చోటు. దాన్ని కవరులో ముడివేసి అదే రోజు ఇంటి బయటికి పంపండి, వంటింటి చెత్తబుట్టలో వేయొద్దు. మీకు మొక్కుబడి సామాను పారేయడం ఇష్టం లేకపోతే కాలవలో కలపకుండా, ఊళ్లో కోళ్లు పెంచేవాళ్లకు ఇవ్వండి.

కొద్దిగా పట్టిన పప్పులు, పెసలు మంచి ఎండలో పలచగా పరచండి. ఇంట్లోకి తెచ్చాక పూర్తిగా చల్లారనిచ్చి డబ్బాలో పోయండి. వేడిగా ఉండగా మూత పెడితే మూత లోపల చెమట పడుతుంది, చెమ్మ మళ్లీ మొదలు. బియ్యం మాత్రం గట్టి ఎండలో పోయొద్దు, గింజ విరిగి నూకవుతుంది. నీడలో గాలికి ఆరబోసి చెరగండి. రవ్వ, పిండి అయితే కవరులో గట్టిగా కట్టి ఫ్రిజ్ పై అరలో, మంచు కట్టేచోట, నాలుగు రోజులు ఉంచండి. బయటికి తీసి చల్లదనం పోయేదాకా కవరు విప్పొద్దు. డబ్బాలు వేడినీళ్లతో కడిగి, మూతలు లోపలి వైపు పైకి ఉండేలా వెల్లకిలా పెట్టి రోజంతా ఆరబెట్టండి. మన చెమ్మలో గంటలో ఆరినట్టు కనిపించినా మడతలో నీరుంటుంది. గూడు మూలలు, మేకుల సందులు తుడిచి, న్యూస్‌పేపరు తీసేయండి.

ఆ తర్వాత నెలన్నర దాకా కన్నేసి ఉంచండి. మూడు వారాలకు ఒకటో రెండో పురుగులు కనిపిస్తే కంగారు పడకండి, అవి అప్పటికే గింజలో ఉన్నవి. తీసేస్తే చాలు. డబ్బా నిండా కనిపిస్తే మాత్రం పుట్టిన చోటు ఇంకా దొరకలేదని అర్థం. మళ్లీ వెతకండి.

వేపాకు, లవంగాలు, ఎండుమిర్చి పెట్టుకోండి, తప్పు లేదు. వేపాకు బాగా ఎండింది కావాలి, పచ్చిది పెడితే చెమ్మ పెరుగుతుంది. కందిపప్పుకు, పెసలకు కాస్త ఆముదం పట్టించడం మన పెద్దవాళ్ల పద్ధతి, అది పనిచేస్తుంది. కానీ ఇవన్నీ శుభ్రం చేశాక చేసేవి. బియ్యంలో బోరిక్ పౌడరు కలిపే అలవాటు కొన్ని ఇళ్లలో ఉంది. మానేయండి, అది కడుపులోకి పోవాల్సిన వస్తువు కాదు. మిల్లుల్లో, గోదాముల్లో పెట్టే పురుగు బిళ్లలు మాత్రం ఎవరిచ్చినా ఇంటి గడప దాటనివ్వొద్దు. వాటి నుంచి వచ్చే గ్యాస్ మనుషుల ప్రాణం తీస్తుంది. మూసిన గదిలో బస్తా పక్కన నిద్రపోయేవాళ్లకు తెలిసే లోపే ముప్పు జరిగిపోతుంది.

ఆవకాయ మీద బూజు

అమ్మ ఇచ్చిన జాడీ నేరుగా వాడకండి. వారానికి సరిపడా చిన్న సీసాలోకి తీసుకోండి. పెద్ద జాడీలో ముక్కల మీద పప్పునూనె (నువ్వుల నూనె) తేలుతూ ఉండాలి. తగ్గితే కాచి పూర్తిగా చల్లార్చిన నూనె పోయండి. తడి గరిటె, తడి చెయ్యి తగలనివ్వొద్దు. బూజు పట్టాక పైపొర తీసేసి తినేయొచ్చని కొందరు అంటారు, నేను అలా చెప్పను.

మిగతావి

చింతపండు నల్లబడితే పాడైనట్టు కాదు, పాతబడే కొద్దీ రంగు అలాగే మారుతుంది. గింజ, పీచు తీసి కాస్త కల్లుప్పు కలిపి జాడీలో నొక్కి పెట్టండి. ఎండు రొయ్యలు, ఎండు చేపలు మిగతా సరుకులతో కలిపి గూట్లో పెట్టొద్దు, మూత గట్టిగా ఉన్న డబ్బాలో ఫ్రిజ్‌లోకి పంపండి. ఎండు కొబ్బరి, పల్లీలు పాత నూనె వాసన కొడితే బాగుచేసే దారి లేదు, పారేసి ఈసారి 100 గ్రాములే తెచ్చుకోండి. చీమలైతే పంచదార డబ్బాను నీళ్లు పోసిన పళ్లెంలో నిలబెట్టండి. ఎలుకలు రాత్రిళ్లు తిరుగుతుంటే పాకెట్లేవీ బయట ఉంచకండి, సింకు కింద గొట్టం చుట్టూ సందు ఉందేమో చూసి సిమెంటుతో మూయించండి.