గ్లాసు వెనక్కి వచ్చిందా? వైన్ బార్ నడిపేవాళ్లకు సమస్యలు, పరిష్కారాలు

హైదరాబాద్‌లో ఓ కాలనీ చివర ఐదారు టేబుళ్లతో వైన్ బార్ నడిపితే తరచూ వినపడే మాట ఒకటే: "ఇదేదో తేడాగా ఉంది బాస్." ఆ తేడా ఎక్కడిదో కనిపెట్టకుండా కొత్త సీసా తెరిస్తే ఖర్చు మనది, సమస్య మాత్రం అక్కడే ఉంటుంది. నేను చూసినంతలో అసలు వైన్‌లోనే లోపం ఉండడం తక్కువ. ఎండ, ఫ్రిజ్, గ్లాసు, గాలి, ఈ నాలుగింటి పనే ఎక్కువ. గ్లాసు తిరిగొస్తే ముందు వాదించకండి. అదే సీసాలోంచి వేరే గ్లాసులో కొంచెం పోసుకుని మీరే వాసన చూడండి. కారణం వెతకడం అక్కణ్ణుంచి మొదలవుతుంది.

రెడ్ వైన్ ఘాటుగా, గొంతు మండేలా ఉందంటున్నారు

వేడెక్కింది. "రెడ్ వైన్ రూమ్ టెంపరేచర్‌లో ఇవ్వాలి" అన్న సూత్రం చలిదేశాల గదులది, అంటే 16-18 డిగ్రీలు. మే నెలలో మన కౌంటర్ వెనక ర్యాకు 30 దాటేస్తుంది. ఆ వేడికి ఆల్కహాల్ ముందు ముక్కుకెక్కి, పండు వాసన వెనకబడిపోతుంది.

ఇచ్చే ముందు సీసాని అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. అంత టైం లేకపోతే ఐసు, నీళ్లు కలిపిన బకెట్‌లో పది నిమిషాలు చాలు. ఉత్త ఐసు కంటే అదే త్వరగా చల్లబరుస్తుంది. గ్లాసులో ఐసు ముక్క మాత్రం మీ అంతట మీరు వేయకండి. కస్టమరే అడిగితే వేయండి, ఆయన డబ్బు, ఆయన ఇష్టం.

వైట్ వైన్ "రుచీ పచీ లేదు" అంటే సరిగ్గా దీనికి ఉల్టా. బీరు ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర పడి ఉంది, వాసన ముడుచుకుపోయింది. పది పదిహేను నిమిషాలు బయట పెడితే తేరుకుంటుంది. వైట్‌కి 8-12, బుడగల వైన్‌కి 6-8 డిగ్రీలు బాగుంటుంది.

ఉడికిన జామ్ వాసన, కార్క్ కొంచెం పైకి లేచి ఉంది

ఇది చల్లబరిస్తే తీరేది కాదు. ఎక్కడో దారిలో సీసా ఎండలో కాగిపోయింది. లోపల వైన్ వ్యాకోచించి కార్క్‌ని తోస్తుంది, మూత కింద నుంచి మెడ మీదకి జిగురు చార దిగుతుంది. ఒక్కసారి ఉడికిన వైన్ వెనక్కి రాదు. అందుకే సరుకు ట్రాలీ ఆటోలో మిట్టమధ్యాహ్నం దిగకుండా చూసుకోండి, పొద్దున్నే తెప్పించండి. దించుకునేటప్పుడే మెడ మీద వేలు రాసి చూడండి. జిగురు తగిలితే సంతకం పెట్టకముందే ఆ సీసా పక్కన పెట్టించండి.

తడి అట్టపెట్టె వాసన

దీనికి కారణాలు రెండు, రెండింటికీ మందు వేరు.

మొదటిది కార్క్ జబ్బు. బూజు, క్లోరిన్ ఉన్న పదార్థాలు కలిసినచోట టీసీఏ అనే రసాయనం పుడుతుంది. వైన్‌లో లక్ష కోట్ల వంతుల్లో నాలుగైదు వంతులు ఉన్నా ముక్కు పట్టేస్తుంది. ఒంటికి హాని లేదు, కానీ వైన్ చచ్చిపోతుంది. గాలి తగిలినా పోదు, ఇంకా తేలుతుంది. సీసా మార్చడమే దారి. స్క్రూ క్యాప్, అంటే తిప్పి తీసే మూత ఉన్న సీసాల్లో ఈ గొడవ చాలా అరుదు. సులాతో సహా మన దేశపు వైన్లు చాలావాటికి ఇప్పుడు అదే మూత. కార్క్ ఉంటేనే ఖరీదైన వైన్ అనుకునేవాళ్లకి ఈ సంగతి ఓపిగ్గా చెప్పండి.

రెండోది గ్లాసు. అట్టపెట్టెలోంచి తీసి అలాగే వాడినా, చెక్క అర మీద బోర్లించి ఉంచినా ఆ వాసన గ్లాసు కడుపులో నిలిచిపోతుంది. ఖాళీ గ్లాసులో ముక్కు పెట్టి చూడండి, తెలిసిపోతుంది. వేడినీళ్లతో కడిగి, వాసన లేని నూలుగుడ్డతో తుడిచి, నిలబెట్టి ఉంచండి.

ఇంకొకటి ఎవరూ పట్టించుకోరు. మన షాపుల్లో సాయంత్రం షట్టర్ తీయగానే దీపం పెట్టి అగరుబత్తి వెలిగిస్తాం, శుక్రవారమైతే సాంబ్రాణి కూడా. ఆ పొగ ర్యాకులో గ్లాసుల్లోకి దూరి గంటసేపు కదలదు. ఏడున్నరకి వచ్చినవాళ్లు "మల్లెపూల వాసన వస్తోంది, ఏ ద్రాక్ష అండీ ఇది?" అని అడిగితే మీరు ముఖం తిప్పుకోవాల్సి వస్తుంది. పూజ మానమని కాదు. గంట ముందే కానివ్వండి, గ్లాసులకి దూరంగా, కిటికీ తీసి. ఫినాయిల్‌తో తుడిచేదీ మధ్యాహ్నమే తుడిచేయండి.

కుళ్లిన గుడ్డు, కాలిన అగ్గిపుల్ల వాసన

గంధకపు వాయువులు. తయారీలో వైన్‌కి గాలి బొత్తిగా తగలనప్పుడు వస్తాయి. వెడల్పాటి జగ్గులో పోసి పావుగంట వదిలేస్తే చాలాసార్లు పోతుంది. అనుమానంగా ఉంటే కొంచెం వైన్‌లో శుభ్రమైన రాగి చెంచా తిప్పి చూడండి. రాగి గంధకాన్ని పట్టేస్తుంది కాబట్టి వాసన తగ్గితే కారణం ఇదేనని ఖాయం. ఇది పరీక్షకే, ఆ గ్లాసు పారబోయండి. ఇంట్లో పూజ ఉద్ధరిణి మాత్రం పట్టుకురాకండి, అమ్మ ఊరుకోదు.

వెనిగర్, నెయిల్ పాలిష్ వాసన; రంగు గోధుమరంగుకి తిరిగింది

సీసా తెరిచి చాలా రోజులైంది. గాలి లోపలికెళ్తే బాక్టీరియా ఆల్కహాల్‌ని ఎసిటిక్ ఆమ్లంగా మారుస్తుంది. కోసి వదిలేసిన ఆపిల్ వాసన వస్తే అదీ గాలి పనే. బాగుచేయడం కుదరదు.

తెరిచిన ప్రతి సీసా మీద టేపు అంటించి తేదీ, టైం రాయించండి. కుర్రాళ్లకి చెప్పి వదిలేస్తే జరగదు, పెన్ను దారంతో కౌంటర్‌కే కట్టండి. రెడ్ అయినా, వైట్ అయినా రాత్రి మూత పెట్టి ఫ్రిజ్‌లోకే. అలా చేస్తే మూడు నుంచి ఐదు రోజులు వస్తాయి. బుడగల వైన్‌కి గట్టి స్టాపర్ ఉన్నా రెండు మూడు రోజులే. ఖరీదైనవి గ్లాసు చొప్పున అమ్మాలంటే వైన్‌కి గాలి తగలకుండా సీసాలో ఆర్గాన్ వాయువు నింపే పరికరం కొనుక్కోవచ్చు. కానీ రోజుకో సీసా కదిలే వైన్‌కి ఆ ఖర్చు దండగ.

"వగరుగా ఉంది, నోరు మండుతోంది"

వైన్ బాగానే ఉంది. టేబుల్ మీద ఏముందో చూడండి. మిర్చి బజ్జీయో, చికెన్ 65నో, పక్కన కబెర్నే అనే ముదురు రెడ్ వైన్. ద్రాక్ష తొక్కల్లోని టానిన్ అనే వగరు పదార్థం లాలాజలంలో ప్రొటీన్లని పట్టేసి, నేరేడుపండు తిన్నట్టు నాలుకని బిగిస్తుంది. దానికి గుంటూరు కారం తోడైతే ఆల్కహాల్ మంటని రెట్టింపు చేస్తుంది. కారం తినేవాళ్లకి కాస్త తీపి ఉన్న వైట్ వైన్, షెనిన్ బ్లాంక్ గానీ రీస్లింగ్ గానీ, చల్లగా ఇవ్వండి. కబెర్నేనే కావాలంటే మటన్, చీజ్ లాంటి కొవ్వున్న ప్లేటు చూపించండి.

"స్వీట్‌గా ఏదైనా ఇవ్వండి" అని అడిగేవాళ్లలో చాలామంది మొదటి వైన్ గోవా ట్రిప్‌లో తాగిన పోర్ట్. వాళ్లని చిన్నచూపు చూడకండి. ముందు తీపిది పోయండి, రెండోసారి వచ్చినప్పుడు తీపి తగ్గినది ఒక గుక్క రుచి చూపించండి.

అడుగున పలుకులు కనపడితే గాజుముక్కలని కంగారు పడతారు. అవి ద్రాక్షలోని టార్టారిక్ ఆమ్లపు లవణం గడ్డకట్టిన స్ఫటికాలు, హాని లేదు. సీసాని నిలబెట్టి, నెమ్మదిగా వంపి పోయండి. బుడగలు వెంటనే చచ్చిపోతే గ్లాసులో సబ్బు మిగిలిందని అర్థం. ఇంకోసారి కడగండి.

సీసాలు ఖాళీ, గల్లాలో డబ్బు లేదు

సీసా 750 మి.లీ. గ్లాసుకి 150 చొప్పున ఐదు. కంటి కొలతతో పోస్తే నాలుగే వస్తాయి, ఆ ఐదోదే మీ లాభం. గ్లాసు మీద గీత ఉన్నవే కొనండి, లేదా కొలత కప్పుతో పోయించండి.

రెండో కన్నం మన మంచితనం. రెగ్యులర్ కస్టమర్ వస్తాడు, "అన్నా, ఇది ఎట్లుంది?" అంటాడు, సగం గ్లాసు పోస్తాం. పంచుకోవడం ఆపకండి, కాలనీ బార్ నిలబడేదే దాని మీద. కానీ రుచికి 30 మి.లీ. చాలు, ఒక సీసా 25 మందికి వస్తుంది. రోజుకి ఒకే సీసాని రుచి కోసం పక్కన పెట్టి, దాని పేరు పలక మీద రాయండి. అదయిపోతే ఆ రోజుకి అంతే. ఆ ఖర్చుని పుస్తకంలో ప్రచారం కింద రాసుకోండి, తరుగు కింద కలిపేస్తే నెలాఖరున ఏమీ అర్థం కాదు. కస్టమర్లతో పాటు మీరూ తాగాల్సి వస్తే అదే 30, అదీ ఒక్కసారే. 21 ఏళ్లు నిండనివాళ్లకి రుచికి కూడా పోయకూడదు, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అంతే.

మన దేశపు వైన్ కదలడం లేదు

కారణం అనుమానం. విదేశీ సీసాల మీద సుంకం చాలాకాలం 150 శాతం ఉండడంతో ఖరీదు చూసి గొప్పదనుకునే అలవాటైంది. మన సీసాకీ, విదేశీ సీసాకీ న్యూస్‌పేపర్ చుట్టి రెండు గ్లాసుల్లో ముప్పై ముప్పై మి.లీ. పోసి, ఏది నచ్చిందో చెప్పమనండి. మనది నాసిక్ వైన్, నంది హిల్స్ గ్రోవర్, హంపి దగ్గర క్రిష్మా, ఏదైనా సరే. పేపర్ విప్పాక క్రిష్మా వెనక ఉన్నది చిగురుపాటి దంపతులని, మన తెలుగువాళ్లేనని చెబితే రెండో గ్లాసు దానంతటదే అమ్ముడవుతుంది.

సన్న ఈగలు

పులిసిన వాసనకి వస్తాయి. మందు కొట్టకండి, గ్లాసులకి అంటుతుంది. మూసేముందు ఒలికింది తుడిచి, సింకు జాలీ తీసి కడిగి వేడినీళ్లు పోయించండి. ఓ గిన్నెలో వెనిగర్, రెండు చుక్కల గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి సింకు పక్కన పెడితే రాత్రికి రాత్రి చాలావరకు అందులో పడతాయి. పొద్దున పారబోసి కొత్తది పోయండి.