బడిని పచ్చగా చెయ్యాలంటే ముందు కుళాయి దగ్గర నిలబడండి

మన గవర్నమెంట్ బళ్ళలో పర్యావరణం అంటే జూన్ 5న, పర్యావరణ దినోత్సవం నాడు, మొక్కలు నాటి ఫొటో దిగడమే అయిపోయింది, అసలు ఆ రోజుకి బళ్ళు తెరవనే తెరవరు, మామూలుగా జూన్ 12న తెరుస్తారు, ఆ ఎండలో నాటింది ఎవరు నీళ్ళు పోస్తారని బతుకుతుంది చెప్పండి. మొక్కల సంగతి తర్వాత, ముందు నీళ్ళు, అన్నం చూసుకోవాలి.

మధ్యాహ్నం భోజనం బెల్లు కొట్టాక కుళాయిల దగ్గర ఓ అరగంట నిలబడండి. పిల్లలు చేతులు, పళ్ళెం కడిగిన నీళ్ళు ఎటు పోతున్నాయో చూడండి. ఒక్కొక్కరికి లీటరే అనుకున్నా 200 మంది ఉన్న బడిలో రోజుకి 200 లీటర్లు, అదంతా గోడ పక్కన బురదై దోమలు పెరుగుతుంటాయి. కుళాయిల కింద మెతుకులు ఆగేలా ఒక జాలీ పెట్టి అక్కణ్ణించి చిన్న కాలవ తీస్తే చాలు, దాని చివర అరటి, మెట్టతామర వెయ్యండి, సబ్బు నీళ్ళు కలిసినా ఈ రెండూ తట్టుకుంటాయి. ఆకుకూరలకి మాత్రం ఈ నీళ్ళు వద్దు, వాటికి మంచినీళ్ళే పొయ్యండి.

ఇక అన్నం. ఒక వారం పాటు పళ్ళేల్లో మిగిలింది ఒకే బకెట్లో వేయించి రోజూ తూకం వెయ్యండి, ఆ బరువు పిల్లలతోనే బోర్డు మీద రాయించండి. మా పిల్లలు తినరండీ అని వంట చేసే అక్కల మీదో పిల్లల మీదో తోసేసే ముందు ఈ పని చేస్తే అసలు సంగతి తెలుస్తుంది, చాలాసార్లు మొదటే ఎక్కువ పెట్టెయ్యడం వల్లే పారేస్తారు, ముందు కొంచెం పెట్టి మారు అడిగితే మళ్ళీ వడ్డిస్తే చాలా తగ్గుతుంది.

అయినా మిగిలినదానికి కంపోస్టు గుంత. వంటగదికి దూరంగా, నీడలో, మీటరు పొడవు మీటరు వెడల్పు రెండడుగుల లోతు సరిపోతుంది. అడుగున ఎండుటాకులు, పైన అన్నం కూరలు, వాటిమీద అంతకి రెండింతలు మళ్ళీ ఎండుటాకులు, పైన పల్చగా మట్టి, వారానికోసారి కాస్త పేడనీళ్ళు. అన్నం ఒక్కటే వేస్తే పులిసి కంపు కొడుతుంది, ఎలుకలొస్తాయి, ఇక జన్మలో ఎవరూ గుంత ఊసెత్తరు, కాబట్టి బడి ఊడ్చిన ఆకుల్ని తగలబెట్టకుండా పక్కన కుప్ప పోయించండి. పిడికెడు తీసి పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, కారిపోతుంటే ఆకులు కలపాలి, పొడిగా ఉంటే నీళ్ళు చల్లాలి. పదిహేను రోజులకోసారి తిరగెయ్యండి, మూడు నెలలకి నల్లగా, మట్టి వాసనతో ఎరువు వస్తుంది. గుడ్డు పెంకులు నలిపి వెయ్యొచ్చు, ఆంధ్రాలో వారానికి ఐదు గుడ్లు కాబట్టి పెంకులకి కరువేం లేదు. చిక్కీ కవర్లు మాత్రం ఇందులో పడకూడదు, వాటికి వేరే సంచి కట్టి పంచాయతీ చెత్తబండికి ఇవ్వండి.

కరెంటు విషయం సింపుల్, పాత ట్యూబులైటు చోక్‌తో కలిపి 50 వాట్ల దాకా లాగుతుంది, ఎల్‌ఈడీ 20 వాట్లే, మాడిపోయినప్పుడల్లా ఒక్కొక్కటి మార్చుకుంటూ పొండి, ఇంటర్వెల్‌లో ఫ్యాన్లు ఆపేసే డ్యూటీ క్లాసుకొకరికి ఇవ్వండి.

ఇప్పుడు మొక్కలు. జూలైలో వానలు పడ్డాక నాటండి, తోటకూర, బచ్చలి, గోంగూర మడులు, గోడ వారగా మునగ, కరివేపాకు, నీడకి వేప, కానుగ. కోనోకార్పస్ అనే చెట్టు తొందరగా పెరుగుతుందని ఎవరైనా ఇచ్చినా తీసుకోకండి, తెలంగాణలో దాన్ని నాటొద్దని ప్రభుత్వమే చెప్పింది. వంద మొక్కలు తెచ్చి చంపుకునే కన్నా పది బతికించుకోవడం మంచిది.

అసలు పరీక్ష వేసవి సెలవులు. ఏప్రిల్ చివర్లో బడి మూసేముందే స్కూల్ కమిటీ మీటింగులో ఎవరు ఏ వారం నీళ్ళు పొయ్యాలో పేర్లు రాసేసుకోండి, బడి పక్కింటి వాళ్ళని ముందు అడగండి, గేటు తాళం ఒకటి వాళ్ళ దగ్గర ఉంచండి. పాదుల్లో ఎండుటాకులు మందంగా పరిస్తే తడి ఎక్కువ రోజులు నిలుస్తుంది, రోజూ కాకుండా రెండు మూడు రోజులకోసారి పోసినా సరిపోతుంది, పొద్దున్నే లేదా సాయంత్రం పొయ్యమని చెప్పండి.